చెన్నరాయప్ప వినని నూరు

రాజానుకుంటె దాటి ఒక మైలు వచ్చామో లేదో, బస్సు మూతి నుంచి ఆవిరి లేచింది. డ్రైవరు ఆ బస్సునూ, దాన్ని తనకు అంటగట్టిన డిపోవాళ్ళనూ కలిపి కన్నడంలో నాలుగు మాటలని, రోడ్డు పక్కకు తీసి ఆపాడు. "ఇంజను చల్లారాలి, నీళ్ళు తేవాలి, అరగంట," అన్నాడు కండక్టరు. దొడ్డబళ్ళాపురం నుంచి బెంగుళూరు పోయే ఈ బస్సు రోజూ ఎక్కేవాళ్ళకు ఆ అరగంట కొలత తెలుసు. ఎవరూ మాట్లాడకుండా దిగిపోయారు.

నాకు లోపల సంతోషమే. అరవై ఎనిమిదేళ్ళ దేశదిమ్మరికి ఊరు చేరడం కన్నా దారిలో ఆగిపోవడం సుఖం. ఊరు చేరితే ఎవరింట్లో దిగాలో ఆలోచించాలి. దారిలో ఆగినవాణ్ణి ఆ ప్రశ్న ఎవరూ అడగరు. పుస్తకాల సంచీ భుజాన వేసుకుని మోరీ గట్టు మీద కూర్చోబోతే అక్కడ అప్పటికే ఒకాయన ఉన్నాడు. 1965 ఫిబ్రవరి, పొద్దున ఎనిమిదిన్నరకే ఎండ చురుక్కుమంటోంది. అతను మాత్రం మెడదాకా గుండీలు పెట్టిన మందపాటి ఊలుకోటులో ఉన్నాడు. కింద పంచె. మోకాళ్ళ మధ్య నల్ల గొడుగు. దిగిన జనాన్ని చూస్తూ పెదవులు కదుపుతున్నాడు. జపమేమో అనుకున్నాను.

"నలభై ఇద్దరే దిగినారు సామీ," అన్నాడు నా వైపు తిరక్కుండానే. "ఎక్కింది నలభై ముగ్గురు."

"డ్రైవరునీ కండక్టరునీ కలుపుకున్నావా?"

"వాళ్ళని వదిలేసే చెప్తా ఉండా."

బస్సు కిటికీలోంచి ఒక ఆడమనిషి తల బయట పెట్టింది. "నేను దిగలేదులే మేష్ట్రూ. దిగితే నా కనకాంబరాల గంప నువ్వు కాస్తావా?"

"అట్లయితే సరిపోయింది," అన్నాడతను. నిజంగానే ఊపిరి వదిలాడు. తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు.

ఆమె పేరు చౌడమ్మ. రోజూ పూలగంపతో సిటీ మార్కెట్టుకు పోయివచ్చే మనిషి. ఎదుటివాళ్ళ సంగతులు వాళ్ళకంటే ముందు తనే చెప్పేయడం ఆమె అలవాటని నాకు అయిదు నిమిషాల్లోనే అర్థమైంది.

"పెద్దాయనా," అంది నాతో, "ఆ మేష్ట్రుని మాటల్లో పెట్టి ఈడనే నిలిపేసేవు. ఈపొద్దు మధ్యాన్నం లోపల బళేపేట బడిలో పనికి చేరాల. రెండుసార్లు పోయినాడు. రెండుసార్లూ గేటు దాకా పోయి, గేటుని బాగా చూసుకోని, సాయంత్రం నా పక్కనే కూర్చోని ఊరికి వచ్చేసినాడు. ఇది మూడు."

"గేటు చూసేదానికి పోలేదు చౌడమ్మా," అన్నాడు అతను.

"మరి గేటు నిన్ను చూసిందా?"

అతను నవ్వలేదు, కోప్పడనూ లేదు. కోటు జేబులోంచి పైకి కనిపిస్తున్న నీలిరంగు కాగితం అంచును వేలితో లోపలికి నెట్టుకున్నాడు.

ఇలా పరిచయమైన మనిషి చెన్నరాయప్ప. దొడ్డబళ్ళాపురంలో పట్టుమగ్గాల ఇల్లు. ముగ్గురు అన్నదమ్ముల్లో బడికి పోయింది ఇతనొక్కడే. మగ్గం గుంటలో కూర్చుంటే నడుం నొప్పి అని చెప్పి తప్పించుకున్నాడట. నొప్పి లేదని ముప్పై ఏళ్ళ తర్వాత, ఆ మోరీ మీద, నాతో ఒప్పుకున్నాడు. టీచరు ట్రెయినింగు అయ్యాక బెంగుళూరు పేటలోనే పన్నెండేళ్ళు చిన్నపిల్లలకు చదువు చెప్పాడు. పెళ్ళి చేసుకోలేదు. 1957లో ఆఫ్రికాలోని అబిసీనియా పోయాడు.

"అబిసీనియాకా? ఎందుకప్పా?"

"పేపర్లో పడింది సామీ. దరఖాస్తు పెడితిని. పిలిచినారు. పిలిచినాక పోకపోతే బాగుండదు కదా."

ప్రపంచాన్ని చుట్టివచ్చిన మహానుభావుల పుస్తకాలు నేను చాలానే చదివాను. ప్రతివాడూ ప్రయాణానికి గొప్ప కారణం చెబుతాడు, ఒక్కొక్కడైతే మూడధ్యాయాలు చెబుతాడు. ఇంత నిజమైన కారణం ఎక్కడా చదవలేదు. నేను రంగూను పోయిందీ, అక్కడినుంచి ఇంకెక్కడికో పోయిందీ ఇలాంటి కారణానికే. సరే, నా సంగతి వదిలేద్దాం.

బొంబాయిలో ఓడ, ఏడెన్, జిబూటీ, అక్కడినుంచి రెండు రోజుల రైలు. అడిస్ అబాబాలో దిగితే, అక్కడినుంచి ఒక పగలంతా లారీ ప్రయాణం దూరంలో ఒక కొండవూళ్ళో వేశారు. ఎటు చూసినా నీలగిరి చెట్లు. చెట్లు మాత్రం మన దొడ్డబళ్ళాపురం పక్కన నందికొండ దారిలో ఉన్నట్టే ఉన్నాయి, మనుషులెవరూ తెలియరు. అది మరీ ఇబ్బంది పెట్టిందన్నాడు. తెలియని చోట తెలియనివాళ్ళుంటే ఫరవాలేదు. చెట్లొక్కటే తెలిసినవి అయితే మనసుకు ఏమీ తోచదు.

"వాళ్ళకి సంవత్సరానికి పదమూడు నెలలు," అన్నాడు.

చౌడమ్మ కిటికీలోంచి, "అయితే ఆడ ఆడోళ్ళు ఎన్నో నెలలో కంటారు?" అంది.

"తొమ్మిదిలోనే."

"మరి పదమూడు ఎందుకు?"

"నేనూ ఆరేళ్ళు ఆలోచించినా. తెలీలేదు."

బడి రేకుల కప్పు గది. ఆరేడేళ్ళ పిల్లలు. ఇతనికి వాళ్ళ భాష రాదు, వాళ్ళకు ఇంగ్లీషు రాదు. ఇతను నేర్పవలసిందే ఇంగ్లీషు. మొదటి నెల రెండు వైపులా మూగనోము. పిల్లలు తెల్లటి నేతబట్ట కప్పుకుని వచ్చేవాళ్ళట. మాట రాక ఏం చేయాలో తోచక, ఇతను ఒక్కొక్కరి దగ్గరికీ పోయి బట్ట అంచు పట్టుకుని చూసేవాడు, నేత ఎలా ఉందా అని. ఇది ఇంగ్లీషు పాఠంలో భాగమనుకుని పిల్లలు రోజూ పొద్దున వరసగా నిలబడి అంచు చూపించేవాళ్ళు. ఆరేళ్ళూ చూపించారు. వద్దని చెప్పే ధైర్యం ఇతనికి రాలేదు.

లెక్క మాత్రం దాగుడుమూతలతో నేర్పాడు. చెట్టుకు ముఖాలు ఆనించి, కళ్ళు మూసుకుని, అందరూ కలిసి ఇంగ్లీషులో ఒకటి నుంచి నూరు దాకా చెప్పాలి. ఆలోపల టీచరు దాక్కుంటాడు. నూరు అన్నాక వెతకాలి. నడుమ ఏ ఒక్కరు తప్పు చెప్పినా అందరూ మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి.

"ఈ నియమం నీదేనా?"

"నాదే సామీ. బాగా నేర్చుకుంటారని పెడితిని. జెనెబెచ్ అని ఒక పాప ఉండింది. యాభై తొమ్మిది అయితానే డెబ్బైకి ఎగిరేది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. అరవైలు ఆ పాపకి లేనే లేవు. దాన్ని తిట్టుకుంటా మిగిలినోళ్ళు మళ్ళీ ఒకటి నుంచి." అక్కడ ఆగి నా ముఖం చూశాడు. "దాక్కునేదానికి నాకి కావలసినంత టైము దొరికేది."

ఈ ఉపాయం ఎక్కడ దొరికిందని అడిగాను. మా అమ్మ దగ్గర, అన్నాడు. వాళ్ళమ్మ ఇంట్లో మగ్గాలకు పట్టునూలు కండెలు చుట్టేది. సంతకు పోయే రోజు చుట్టిన కండెలన్నీ గంపలో పోసి, ఎన్ని ఉండాయో లెక్కపెట్టు నాయనా అని ఇతని ముందు పెట్టి, దొడ్డివాకిలి గుండా జారుకునేది. లెక్క పూర్తయ్యాక ఏడవాలని ఉండేదట. కానీ సరిచూసుకుందామని మళ్ళీ లెక్కపెడితే వేరే సంఖ్య వచ్చేది. మూడోసారి ఇంకో సంఖ్య. ఆ గొడవలోనే సాయంత్రమై, అమ్మ వచ్చేసేది.

ఈ పని చేయని ఇల్లు మనలో ఉందా? నలుగురు పిల్లలున్న తల్లి బజారుకు పోవాలంటే దండయాత్రకు పోయినంత పథకం వేస్తుంది. ఒకడికి బెల్లం, ఒకడికి గోడమీది కాకి, చంకలోదాన్ని ఎవరో ఎత్తుకుని ఆవుదూడను చూపించాలి. తిరిగి చూసేసరికి తల్లి లేదు. రంగూనులో ఒక దొరసాని బిడ్డ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నేను పోతున్నాను, ఇన్ని గంటలకు వస్తాను అని చెప్పి, వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే చూస్తూ చూస్తూ వెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను. ఎంత రాతిగుండె అనుకున్నాను అప్పుడు. ఆమె మనల్ని చూసి ఎంత దొంగలు అనుకునేదో. ఇందులో ఎవరిది దయో ఈ వయసులో కూడా నాకు తేలలేదు.

వీడ్కోళ్ళు నాకెప్పుడూ చేతకాలేదు లెండి. గుంతకల్లు స్టేషనులో సాగనంపడానికి వచ్చినవాళ్ళను మీరూ చూసే ఉంటారు. చెప్పవలసినవన్నీ చెప్పేశాక, కళ్ళు తుడుచుకున్నాక, బండి కదలదు. అప్పుడు అవతలా ఇవతలా నిలబడి, నీళ్ళ కూజా బాగుందా అని అడుగుతారు. బాగుంది అంటారు. మళ్ళీ కూజా వైపే చూస్తారు.

కండక్టరు రెండు బిందెలతో నీళ్ళు తెచ్చాడు. డ్రైవరు గుడ్డతో మూత తిప్పబోయి చెయ్యి కాల్చుకున్నాడు. ఇంకొంచెం సేపు పడుతుంది.

1963లో చిన్న తరగతులకు ఇకనుంచి వాళ్ళ భాషలోనే చదువని పైనుంచి ఉత్తరువు వచ్చిందట. ఇతనికి అది సబబుగానే తోచింది. "వాళ్ళ పిల్లలు, వాళ్ళ మాట. నేనెవరు కాదనేదానికి?" ఇంగ్లీషు చెప్పే పరదేశపు టీచర్లకు పని అయిపోయింది. హెడ్మాస్టరు శనివారం సాగనంపే ఏర్పాటు చేశాడు. అక్కడి పద్ధతి పెద్దది. ఊరంతా వస్తారు. గింజలు అక్కడే వేయించి కాఫీ మూడుసార్లు పోస్తారు. మగా ఆడా అని లేకుండా చెంపకు చెంప ఆనించి, అటూ ఇటూ, మళ్ళీ అటు, ముద్దు పెట్టుకుంటారు. గట్టిగా, దాచుకోకుండా ఏడుస్తారు. వేరే టీచరు ఒకాయనకు అలా జరిగినప్పుడు ఇతను చూశాడు. నలభై ఒక్క మంది పిల్లలు వరసగా వచ్చి తనకు అలా చేస్తే ఏమవుతానో అని భయం పట్టుకుంది.

గురువారం నాడు ఇతని పెట్టె తీసుకుపోవడానికి ఆఫీసు జీపు వచ్చింది.

"వంటపాక వెనకాల నిలపమంటిని," అన్నాడు చెన్నరాయప్ప. "పిల్లల్ని చెట్టు దగ్గరికి పిలిస్తిని. కళ్ళు మూసుకోండి, నూరు దాకా చెప్పండి అంటిని. ముఖాలు ఆనించుకున్నారు. చెప్పులు చేతిలో పట్టుకోని పోయి జీపులో కూర్చున్నా."

కిటికీలో చౌడమ్మ పూలు సర్దడం ఆపింది.

"ఆడికి బాగా వినిపిస్తా ఉండింది. యాభై ఆరు, యాభై ఏడు, యాభై ఎనిమిది, యాభై తొమ్మిది. అప్పుడు గలాటా. పాప డెబ్బైకి ఎగిరేసినట్ల ఉండాది. కసిరినారు. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టినారు. డ్రైవరు బండి కదిలించినాడు." గొడుగు పిడిని అటూ ఇటూ తిప్పాడు. "నూరు వినిపించలేదు సామీ. అన్నారో లేదో నాకి తెలీదు."

"అనే ఉంటారప్పా. పిల్లలు ఎంతసేపని చెబుతారు?"

"అదే అడగతా ఉండా. ఎంతసేపు?"

బళేపేట బడి గేటు దగ్గరా ఇదేనట గొడవ. లోపల ఒకటో తరగతి వాళ్ళు ఎక్కాలూ అంకెలూ గట్టిగా చెబుతుంటారు. నూరు దాకా విని లోపలికి పోదామని నిలబడ్డాడు. మొదటిసారి డెబ్బైల్లో గంట కొట్టేశారు. రెండోసారి నలభైలో ఎవరో పిల్లవాడు తుమ్మాడు, అందరూ నవ్వారు, అక్కడితో సరి. ఇతను తిరిగి బస్టాండుకు వచ్చేశాడు. ఇంట్లో మగ్గాలు చూసుకునే బావ పెద్దమునియప్ప నిన్న రాత్రి అన్నం దగ్గర చెప్పేశాడు: రేపు చేరితే చేరు, చేరకపోతే ఎల్లుండి నుంచి మగ్గంలో కూర్చో. బడివాళ్ళూ మధ్యాహ్నం దాటితే వేరే మనిషిని తీసుకుంటామన్నారు.

"మగ్గం రాదా నీకు?"

"వస్తాది. అదే బేజారు. రాకపోతే బాగుండు."

తర్వాత జేబులోంచి ఒక ఉత్తరం తీశాడు. నీలిది కాదు, వేరేది. ఇతను ఊరికి వచ్చిన నాలుగు నెలలకు హెడ్మాస్టరు రాసింది. ఉద్యోగం చేసినట్టు సర్టిఫికెట్టు పంపుతున్నాననీ, చేతికందినట్టు తెలపమనీ ఉంది. చివర ఒక్క వాక్యం: పిల్లలు మీకోసం అన్నిచోట్లా వెతికారు.

"మీరు పుస్తకాలు చదివినోరు. ఇది తిట్టా, కాదా?"

చదివాను. మళ్ళీ చదివాను. తిట్టే అనిపించింది, అలా చెప్పకుండా పోతారా అని పెద్దమనిషి మర్యాదగా అన్నమాట. అలాగే చెప్పాను. అతని ముఖం పాలిపోయింది. వెంటనే, కాదప్పా, ఆట గురించి రాశాడేమో, వెతికారంటే నూరు అయ్యాకే కదా వెతికేది, కాబట్టి నూరు అన్నట్టే లెక్క అన్నాను. అతను కొంచెం తేరుకుని, "నూరు కాకముందే కళ్ళు తెరిచి వెతికి ఉంటే?" అన్నాడు. అదీ నిజమే. మరి అన్నిచోట్లా అంటే వంటపాక వెనకా చూశారనే కదా, అక్కడ జీపు చక్రాల గుర్తులు చూసి ఉంటారు, తెలుసుకుని ఉంటారు అన్నాను. ఆ మాట అని ఉండకూడదు. అతను తలపట్టుకున్నాడు. అంత చదువూ నాకు ఎందుకొచ్చిందో తెలియదు. ఒక్క వాక్యానికి మూడు అర్థాలు చెప్పి, ఒక మనిషిని మూడు రకాలుగా బాధపెట్టడానికి పనికొచ్చింది.

చౌడమ్మ ఇక ఉండబట్టలేక, గంపను సీటుమీద వదిలేసి, దిగి మా దగ్గరికి వచ్చేసింది.

"సుమ్నె, ఊరికే ఇంత రగడ ఎందుకు మేష్ట్రూ? పొద్దున నేను వచ్చేటప్పుడు నా మనవరాలిని అట్లనే వదిలేసి వస్తా. కోడిపిల్లలు ఎన్ని ఉండాయో చూడు అంటా, అది అటు తిరగతానే ఇటు బస్సెక్కుతా. సాయంత్రం పోయి చేతిలో ఒక బిస్కెట్టు పెడితే సరిపాయె. ఎవురూ చావరు."

"సాయంత్రం పోతావు కదా చౌడమ్మా," అన్నాడు చెన్నరాయప్ప.

మెల్లగా అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. ఆ మాట తన నోటినుంచే అప్పుడే మొదటిసారి విన్నట్టు, అన్న తర్వాత తనే ఆగిపోయాడు. "మా అమ్మా సాయంత్రానికి వచ్చేసేది," అన్నాడు. "ఎప్పుడూ వచ్చేసేది. అందుకే నాకి కోపం రాలేదు."

జనం లెక్కలో ఇప్పుడు నలభై ముగ్గురూ దిగారు కానీ అతను లెక్కపెట్టలేదు.

చౌడమ్మ అతని కోటు జేబు వైపు చూసి, "ఆ నీలికాగితం ఏడాదిన్నరగా జోబీలో పెట్టుకోని తిరగతా ఉండావు. దాన్నేమన్నా పూజకి పెట్టినావా?" అంది.

అది విమానంలో పోయే ఉత్తరం కాగితం. తీసి చూపించాడు. మడతల దగ్గర చీలిపోవడానికి సిద్ధంగా ఉంది. పైన చిరునామా మాత్రం అచ్చు వేసినట్టు ఉంది. లోపల ఒక్క అక్షరం లేదు.

"ఏం రాసేది? రానని ఎట్ల రాసేది? వాళ్ళు ఇప్పుడు మూడో క్లాసులో ఉంటారు, చదువుతారు. మరిచిపోయి ఉంటే మళ్ళీ గుర్తుచేసినట్ల అయితాది. మరిచిపోకపోతే... రెండిట్లో ఏది అయినా బాగలేదు సామీ."

"మరిచిపోయినోళ్ళకి ఉత్తరమొస్తే నష్టమేముండాది?" అంది చౌడమ్మ. "మరవనోళ్ళకి రాకపోతేనే."

నేను చెప్పవలసిన మాట అది. నాకు తట్టలేదు.

డ్రైవరు హారను కొట్టాడు. అందరూ ఎక్కారు. గంప ఒళ్ళో పెట్టుకుని చౌడమ్మ కిటికీ పక్క, ఈ చివర నేను, మధ్యన చెన్నరాయప్ప. యలహంక దాటేటప్పుడు గాలిమోటరు ఒకటి చాలా కిందుగా పోయింది. బస్సంతా వంగి చూసింది. అతను చూడలేదు. నా సంచిలోంచి లావుపాటి పుస్తకం ఒకటి అడిగి తీసుకుని, దాన్ని మోకాళ్ళమీద పెట్టుకుని, పైన నీలికాగితం పరిచి, కలం మూత తీశాడు. ఆ పుస్తకం ఎక్కడెక్కడో తిరిగిన పెద్దమనుషుల యాత్రలది. అది ఎవరికైనా ఇంతగా ఉపయోగపడటం నేను చూడలేదు. రోడ్డు గతుకుల్లో కలం ఎత్తేవాడు, సమంగా ఉన్నచోట దించేవాడు. హెబ్బాళ చెరువు దగ్గర ఒక వాక్యం. మేఖ్రీ సర్కిల్ దగ్గర ఇంకొకటి. మల్లేశ్వరంలో చాలాసేపు ఏమీ రాయలేదు. నేను పక్కకు చూడకుండా కూర్చోవడానికి పడిన అవస్థ నాకే తెలుసు.

మెజెస్టిక్ దగ్గర దిగేసరికి పదకొండుంపావు. చౌడమ్మ మార్కెట్టుకు వేరే బస్సు అందుకోవాలి. గంపలోంచి ఒక మూర కనకాంబరాలు తెంపి, ఎవరికివ్వాలో తోచక మా ఇద్దరి వైపూ చూసి, చివరకు అతని గొడుగు పిడికి చుట్టింది. "సాయంత్రం బస్సులో కనపడితే మాత్రం మాట్లాడను," అని పోయింది.

నేను పోవలసింది అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల అంగళ్ళకు. దారి ఒకటే కాబట్టి కలిసి నడిచాం. చిక్కపేట జనంలో అతను నాకంటే రెండడుగులు వెనకే ఉండేవాడు. నేను ఆగితే తనూ ఆగేవాడు. తప్పించుకుంటాడేమోనని నేను వెనక్కి చూస్తుంటే, నేనెక్కడ తప్పిపోతానోనని అతను నన్ను చూస్తున్నాడని తర్వాత తెలిసింది. ఇద్దరు వయసొచ్చిన మనుషులు ఒకరికొకరు కాపలా.

బళేపేటలో, గాజుల అంగడి పక్క సందులో బడి. ఆకుపచ్చ గేటు, రెండు గదులు, పైన పెంకులు. ఎదురుగా గోడనీడలో నిలబడ్డాం. లోపల టీచరు గొంతు వినిపించలేదు, పిల్లల గొంతులే. ఎవరూ చెప్పకుండానే ఇంగ్లీషులో అంకెలు చదువుతున్నారు. ఇరవైల్లో ఉన్నారు. ఇరవై ఏడు దగ్గర ఎవరో దారి తప్పారు. ఎవరో కసిరారు. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు.

చెన్నరాయప్ప గొడుగును రెండు చేతులతో పట్టుకున్నాడు. నాకు భయమేసింది. ఈసారి కూడా సాయంత్రం బస్సే అనుకున్నాను. ఏదైనా ధైర్యం చెబుదామనుకుంటే, మోరీ మీద నేను చెప్పిన మూడు అర్థాలూ గుర్తొచ్చి మానుకున్నాను.

"సామీ," అన్నాడు, కోటు జేబులోంచి నీలికాగితం తీసి. "కొంచెం చూస్తారా, తప్పులేమన్నా ఉంటాయేమో. నా ఇంగ్లీషు ఏడాదిన్నర పెట్టెలో ఉండాది."

"ఇక్కడా?"

"ఈడనే. అంటించేస్తే మళ్ళీ దిద్దేదానికి కాదు."

సంచీ కిందపెట్టాను. కళ్ళజోడు సంచిలో అడుగున ఉంటుంది, ఎప్పుడూ. నాలుగు పుస్తకాలు తీసి గోడవారగా పెట్టి, దాన్ని వెతికి, తుడిచి, చెవులకు తగిలించుకున్నాను. కాగితం విప్పాను. గతుకుల వల్ల కొన్ని అక్షరాలు పైకి పోయాయి గాని, పిల్లలు చదవడానికి వీలుగా ఒక్కొక్క అక్షరం విడివిడిగా, పెద్దగా రాశాడు. ఇంగ్లీషే, కానీ ఆరేడేళ్ళవాళ్ళకు నేర్పినంత ఇంగ్లీషే. నేను దాక్కోలేదు. నేను ఇంటికి వచ్చేశాను. మా ఇల్లు చాలా దూరం, బెంగుళూరు దగ్గర. మీరు వెతకవద్దు. ఆటలో మీరే గెలిచారు. ఇప్పుడు అందరూ కళ్ళు తెరవండి. ఇక్కడా ఆ చెట్లే ఉన్నాయి. జెనెబెచ్, యాభై తొమ్మిది తర్వాత అరవై. మీ టీచరు.

రెండోసారి మెల్లగా చదివాను, తప్పుల కోసం. ఒక్కటీ కనిపించలేదు. సెలవు తీసుకునే మాట మాత్రం ఎక్కడా లేదు; ఉత్తరం చివర ఇంగ్లీషువాళ్ళు తప్పకుండా పెట్టే మాట. అది కావాలని వదిలాడో, మరిచిపోయాడో. కావాలనే అయితే కలపమనడం తప్పు, మరిచిపోతే చెప్పకపోవడం తప్పు. అడిగేద్దామని తలెత్తాను.

పక్కన గోడ ఉంది, నా నాలుగు పుస్తకాలున్నాయి. సందుకు అవతల ఆకుపచ్చ గేటులో ఊలుకోటు వీపు కనిపించింది. చెప్పులు చేతిలో లేవు, కాళ్ళకే ఉన్నాయి. లోపల పిల్లలు ముప్పైల్లో ఉన్నారు. అతను పూలు చుట్టిన గొడుగును గడప పక్కన ఆనించి, ఇటు తిరిగి చూడకుండా, తల కొంచెం వంచి లోపలికి వెళ్ళిపోయాడు.